నైలాన్ నవారులో శుభ్రమైన రంధ్రాలు పడాలి, పంచ్ మొన చెడకూడదు: ఎలా?

ప్రశ్న: సంచికుట్టు

నేను భుజానికి తగిలించుకునే పెద్ద సంచులకు పట్టీలు కుడుతుంటాను. వాటికి 38 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు 2 మిల్లీమీటర్ల మందం గల నైలాన్ నవారును వాడుతున్నాను. పట్టీ పొడవును ముల్లు బకిలుతో సవరించుకోవడానికి వరుసగా ఆరు రంధ్రాలు, పట్టీ మొదట్లో రివెట్ కోసం మరొక రంధ్రం కావాలి. అన్నీ 6 మిల్లీమీటర్ల వ్యాసం గలవే. తోలుకు రంధ్రాలు వేసే బోలు పంచ్‌తోనే ఈ పని కూడా జరిగిపోతుందనుకున్నాను. కానీ తోలులో ఒక్క దెబ్బకు దిగే ఆ పంచ్, నవారు మీద మూడు నాలుగు దెబ్బలు వేసినా అడుగున ఉన్న పోగులను తెంచడం లేదు. మిగిలిపోయిన పోగులను కత్తెరతో కత్తిరిస్తే రంధ్రం అంచు కుంచెలాగా విచ్చుకుంటోంది.

దెబ్బ సరిగా పడటం లేదేమోనని నవారును ఇనుప దిమ్మ మీద పెట్టి కొట్టాను. రెండు రోజులు గడవకముందే పంచ్ మొన చుట్టూ నొక్కులు పడ్డాయి. ఆ తరువాత కొత్త పంచ్‌ను గ్యాస్ మంట మీద కాల్చి నవారులోకి నొక్కాను. మొదటి పది రంధ్రాలు ఎంతో చక్కగా వచ్చాయి; అంచులు కరిగి అతుక్కోవడంతో ఒక్క పోగు కూడా పైకి లేవలేదు. అయితే మరునాడు అదే పంచ్‌ను తోలు మీద వాడితే మొన ఒకవైపు మడతపడిపోయింది. ఇప్పటికి రెండు పంచ్‌లు చెడగొట్టుకున్నాను. తప్పు పనిముట్టుదా, నేను వాడిన విధానానిదా? రంధ్రం శుభ్రంగా పడుతూ, పనిముట్టు కూడా నిలిచే మార్గం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం: సానరాయి

సంచికుట్టు గారూ, మీ రెండు పంచ్‌లు రెండు వేరువేరు కారణాల వల్ల చెడ్డాయి. ఆ రెండింటినీ విడివిడిగా అర్థం చేసుకుంటే పరిష్కారం దానంతట అదే కనిపిస్తుంది.

మొదటి పంచ్‌ను చెడగొట్టింది ఇనుప దిమ్మ. పంచ్ మొన ఎంత గట్టి ఉక్కుతో చేసినదైనా, దాని అంచు వెంట్రుకంత సన్నగా ఉంటుంది. అది నవారును దాటిన మరుక్షణం దేనిని తాకుతుందన్నదే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది. అడుగున ఇనుము ఉంటే దెబ్బ బలమంతా ఆ సన్నని అంచు మీదే పడి, అది చితికిపోతుంది. అడుగున ఉండవలసినది మొనకు లొంగేది. అడ్డంగా కోసిన మొద్దు ముఖం, అంటే చెక్క పోగుల కొనలు పైకి చూస్తూ ఉండే వైపు, అన్నిటికంటే మంచిది. ఆ కొనలు మొనకు దారి ఇచ్చి తప్పుకుంటాయి. కూరగాయలు తరిగే గట్టి ప్లాస్టిక్ పలక కూడా పనికివస్తుంది. మందమైన రబ్బరు మాత్రం వద్దు. అది దెబ్బను మింగేసి నవారును కిందికి సాగనిస్తుంది గాని తెగనివ్వదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. మొద్దు మీద ఒకే చోట పదే పదే కొడితే అక్కడ గుండ్రని గాడి పడుతుంది. తరువాతి దెబ్బకు నవారు అడుగు పోగులు ఆ గాడిలోకి జారుకుని తెగకుండా మిగులుతాయి. మీకు అడుగు పోగులు తెగకపోవడానికి మొన మొద్దుబారడం ఎంత కారణమో, ఈ గాడి కూడా అంతే కారణం కావచ్చు. ప్రతి రంధ్రానికీ నవారును మొద్దు మీద కొత్త చోటికి జరపాలి. నేను నవారుకు మొద్దుకు మధ్య ఒక మందపాటి తోలు ముక్క కూడా పెడతాను. మొన నవారును పూర్తిగా దాటి తోలులో దిగినప్పుడే చివరి పోగు వరకు తెగుతుంది.

రెండవ పంచ్ సంగతి దీనికి భిన్నమైనది. పంచ్‌ల తయారీలో ఉక్కును ముందు ఎర్రగా కాల్చి చప్పున చల్లార్చి గట్టిపరుస్తారు. అలా గట్టిపడిన ఉక్కు గాజులాగా పెళుసుగా ఉంటుంది కనుక, దానిని తిరిగి మితంగా వేడిచేసి ఆ పెళుసుదనాన్ని తగ్గిస్తారు. మామూలు కార్బన్ ఉక్కులో ఈ రెండవ వేడి సాధారణంగా 200 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మెరిసే ఉక్కు మీద దాదాపు 220 డిగ్రీల వద్ద లేత గడ్డి రంగు, 300 డిగ్రీల వద్ద నీలం కనిపిస్తాయి. ఆ హద్దు దాటి వేడిచేసిన ప్రతిసారీ ఉక్కు మరింత మెత్తబడుతుంది. ఇక నైలాన్ విషయానికి వస్తే, నైలాన్ 6 అనే రకం దాదాపు 220 డిగ్రీల వద్ద, నైలాన్ 66 అనే రకం దాదాపు 260 డిగ్రీల వద్ద కరుగుతాయి. నవారును చురుకుగా కరిగించాలంటే పంచ్ వేడి అంతకంటే చాలా ఎక్కువ ఉండాలి, అంటే నైలాన్‌ను కరిగించే వేడి, పంచ్ గట్టిదనాన్ని హరించే వేడి ఒకటే. గ్యాస్ మంటలో సన్నని మొన కొద్ది సెకన్లలోనే 300 డిగ్రీలు దాటిపోతుంది. మీ పంచ్ మీద నీలం లేదా బూడిద రంగు మచ్చలు తేలి ఉంటే జరిగినది ఇదే.

చల్లారినంత మాత్రాన పోయిన గట్టిదనం తిరిగి రాదు. వేడి పంచ్‌ను నీళ్ళలో ముంచినా ప్రయోజనం ఉండదు. ఎర్రటి నిప్పు రంగు వచ్చేదాకా కాల్చి ముంచితే మళ్ళీ గట్టిపడుతుంది గాని, ఈసారి అది కొట్టగానే పగిలేంత పెళుసుగా తయారవుతుంది.

అందువల్ల నా సలహా ఏమిటంటే, కోసే పనిని, కరిగించే పనిని ఒకే పనిముట్టు చేత చేయించకండి. పదునైన చల్లని పంచ్‌తో రంధ్రం కోయండి. అంచును అతికించడానికి పదును అవసరం లేని, చెడినా బాధపడనక్కరలేని మామూలు ఇనుప కడ్డీని వాడండి. కడ్డీ కొనను కోసుగా ఆకురాయితో రాచి, వేడిచేసి, కోసిన రంధ్రంలో ఒక్కసారి తిప్పి తీస్తే చాలు.

సమాధానం: పడుగుపేక

సానరాయి గారు పనిముట్టు గురించి చెప్పవలసినదంతా చెప్పారు. నేను నవారు వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే రంధ్రం ఎక్కడ, ఎందుకు వేస్తున్నామన్న ప్రశ్న ఎలా వేస్తున్నామన్న ప్రశ్నకంటే ముందు రావాలని నా అభిప్రాయం.

తోలులో నారలు అన్ని దిక్కులకూ అల్లుకుని ఉంటాయి. మొన ఎక్కడ దిగినా అవి కదలకుండా నిలబడి తెగుతాయి. నవారు అలాంటిది కాదు. అందులో పొడవునా సాగే పడుగు పోగులు, వాటిని అడ్డంగా పట్టి ఉంచే పేక పోగులు ఉంటాయి. నైలాన్ పోగు నునుపైనది, పైగా తెగేముందు తన పొడవులో 15 శాతానికి మించి సాగగలదు. మొన దిగుతుంటే ఆ పోగు పక్కకు జారుతుంది, కిందికి నొక్కుకుంటుంది, సాగుతుంది, చివరికి గాని తెగదు. కొద్దిగా మొద్దుబారిన పంచ్ తోలులో పనిచేసి నవారులో పనిచేయకపోవడానికి కారణం ఇదే. పోగులు జారకుండా ఉండేందుకు నవారుకు రెండువైపులా కాగితపు టేపు గట్టిగా అంటించి, దాని మీద గుర్తు పెట్టుకుని కొట్టండి. టేపు తీసేటప్పుడు రంధ్రం వైపు నుంచి బయటికి కాక, బయటి నుంచి రంధ్రం వైపుకు లాగితే తెగిన కొనలు పైకి లేవవు.

ఇప్పుడు బలం సంగతి చూద్దాం. బరువును మోసేది పడుగు. 38 మిల్లీమీటర్ల నవారు నడుమ 6 మిల్లీమీటర్ల రంధ్రం కోస్తే పడుగులో దాదాపు ఆరో వంతు తెగిపోయినట్టు. 25 మిల్లీమీటర్ల నవారులో అదే రంధ్రం దాదాపు నాలుగో వంతును తెంచుతుంది. నిజానికి నష్టం ఈ లెక్కకంటే ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే తెగిన పోగుల భారం రంధ్రం పక్కనే ఉన్న పోగుల మీద మరింతగా పడుతుంది. వేడితో రంధ్రం చేస్తే కరిగి గట్టిపడిన వలయం కూడా తన వంతు భారం మోయదు. రంధ్రాలన్నీ ఒకే గీత మీద, నవారు సరిగ్గా నడుమన ఉంటే అన్నీ ఇంచుమించు అవే పోగులను తెంచుతాయి. వాటిని అటూ ఇటూ వేస్తే ప్రతి రంధ్రం కొత్త పోగులను తెంచి పట్టీని మరింత బలహీనపరుస్తుంది. అంచుల దగ్గరికి అసలు వెళ్ళకండి.

ఇక పోగులను తెంచకుండానే రంధ్రం చేసే పద్ధతి ఒకటుంది, సంచి పట్టీలకు నేను దానినే వాడతాను. చెప్పులు కుట్టే ఆరె వంటి సన్నని కొన గల పనిముట్టును పడుగు పోగుల మధ్య గుచ్చి, కొద్దికొద్దిగా తిప్పుతూ లోపలికి పంపాలి. దాని వెనుక దానికంటే లావైన కోసు కడ్డీని పంపి పోగులను పక్కలకు ఒత్తిగించాలి. పోగులు తెగవు, జరుగుతాయి. ఆ దారిలో రివెట్‌ను గాని, లోహపు ఐలెట్ (రంధ్రం అంచుకు బిగించే వలయం) మెడను గాని దూర్చి బిగిస్తే అది పోగులను తిరిగి కలవనివ్వదు. ఆరె కొన సూదిలాగా పదునుగా ఉండకూడదు; గరుకు కాగితంతో రాచి కొంచెం గుండ్రంగా చేస్తే అది పోగును చీల్చకుండా పక్కనుంచి జారుతుంది. బాగా బిగువుగా నేసిన మందపాటి నవారులో 6 మిల్లీమీటర్ల వరకు ఒత్తిగించడం కష్టమే, కానీ 4 మిల్లీమీటర్ల రివెట్‌కు ఇది చక్కగా సరిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పవలసి ఉంది. మనిషి ప్రాణం ఆధారపడే పట్టీలకు, అంటే ఎత్తులో పనిచేసేవారి రక్షణ పట్టీలు, కొండలెక్కే పట్టీలు, వాహనాల సీటు బెల్టులు, బరువులెత్తే స్లింగులు, వీటికి ఏ పద్ధతిలోనూ రంధ్రం వేయకండి. 

సంచికుట్టు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. పంచ్ మొన దగ్గర ఊదా, నీలం రంగులు నిజంగానే ఉన్నాయి. అవి మసి అనుకుని తుడవబోయాను. నావి సంచి పట్టీలే, ప్రాణభారం మోసేవి కావు. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. పట్టీ మొదట్లో నవారును మడిచి రెండు పొరలు చేస్తాను, అక్కడ మందం 4 మిల్లీమీటర్లు దాటుతుంది. అక్కడ పంచ్ దిగుతుందా? నొక్కులు పడ్డ మొదటి పంచ్‌ను బాగుచేసుకోవచ్చా, లేక పారేయవలసిందేనా? డ్రిల్లుతో ప్రయత్నిద్దామా అని కూడా ఒక ఆలోచన ఉంది.

సమాధానం: సానరాయి

డ్రిల్లు వద్దండి. తిరిగే బరమా గాడులు పోగులను కోయకముందే పట్టుకుని చుట్టుకుంటాయి. క్షణంలో నవారు చేతిలోంచి లాక్కుపోయి గిరగిర తిరుగుతుంది. వేళ్ళకు దెబ్బ తగులుతుంది. రెండు చెక్క పలకల మధ్య నవారును బిగించి డ్రిల్లు చేస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది గాని, రంధ్రం మాత్రం చింపిరిగానే వస్తుంది.

రెండు పొరల చోట ముందుగా రంధ్రం చుట్టూ చతురస్రంగా కుట్టు వేసి, ఆ తరువాత పంచ్ చేయండి. కుట్టు రెండు పొరలనూ ఒకదాని మీద ఒకటి జారకుండా పట్టి ఉంచుతుంది. ఆ కుట్టు గీతకు, రంధ్రం అంచుకు మధ్య కనీసం 4 మిల్లీమీటర్ల దూరం ఉండాలి, లేకపోతే పంచ్ కుట్టు దారాన్నే తెంచుతుంది. పంచ్‌ను నిటారుగా పట్టుకుని, ఒక్క నిండు దెబ్బ వేయండి. చిన్న చిన్న దెబ్బలు పదింటి కంటే అది మేలు, ఎందుకంటే ప్రతి చిన్న దెబ్బకూ మొన కొద్దిగా ఎగిరి వేరొక చోట దిగుతుంది, రంధ్రం అంచు మెట్లు మెట్లుగా తయారవుతుంది. దెబ్బ తరువాత పంచ్‌ను తీయకముందే అదిమిపట్టి అటూ ఇటూ పావు మలుపు తిప్పితే మిగిలిన ఒకటి రెండు పోగులు కూడా తెగుతాయి. సుత్తి కొయ్యది గాని, గట్టి ప్లాస్టిక్‌ది గాని కావాలి. ఇనుప సుత్తితో కొడితే పంచ్ తల పుట్టగొడుగులాగా విచ్చుకుంటుంది, ఆ అంచుల నుంచి ముక్కలు ఎగిరి కంట్లో పడవచ్చు. కళ్ళద్దాలు తప్పనిసరి.

పంచ్ గొట్టంలో చిక్కుకున్న బిళ్ళలను మూడు నాలుగు రంధ్రాలకు ఒకసారి తోసివేయండి. అవి గట్టిగా కూరుకుపోతే దెబ్బ బలం మొనకు చేరదు, ఒక్కోసారి గొట్టమే చీలుతుంది.

నొక్కులు పడ్డ పంచ్‌ను పారేయకండి, దాని గట్టిదనం పోలేదు, ఆకారం మాత్రమే చెడింది. ముందు మొనను సానరాతి మీద నిటారుగా నిలబెట్టి, నొక్కులన్నీ మాయమయ్యేదాకా రాయండి. అప్పుడు మొన చుట్టూ చదునైన సన్నని వలయం తేలుతుంది. తరువాత పంచ్‌ను వాలుగా పట్టుకుని, బయటి వాలును రాతి మీద దొర్లిస్తూ ఆ వలయం ఎక్కడా కనిపించనంతవరకు సాన పట్టండి. లోపలివైపు మిగిలే సన్నని పొరను, గుండ్రని పుల్లకు అతి నున్నని గరుకు కాగితం చుట్టి తీసేయండి. లోపలివైపు వాలు చేయకండి, ఆ పొర పోతే చాలు. చివరగా తోలు పట్టీ మీద పాలిష్ పేస్టు రాసి రుద్దండి. కరెంటుతో తిరిగే పొడి సానచక్రం మీద మాత్రం పెట్టకండి. మంట లేకపోయినా ఆ రాపిడికే సన్నని మొన నీలంగా మారి, రెండవ పంచ్‌కు పట్టిన గతే దీనికీ పడుతుంది.

పదును వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నవారు తునక మీదే పరీక్షించండి. తోలు మీద ఎంత చక్కగా కోసినా అది సాక్ష్యం కాదు.

సమాధానం: సోల్డర్‌చుక్క

కోసు కడ్డీకి బదులు సోల్డరింగ్ ఐరన్ వాడవచ్చు. 25 నుంచి 40 వాట్లది చాలు, ప్రతి రంధ్రానికీ మంట దగ్గరికి వెళ్ళే పని ఉండదు. అయితే సోల్డర్ చేసే మంచి కొనను ఇందుకు వాడకండి. ఆ కొన లోపల రాగి, పైన పలుచని ఇనుప పూత ఉంటాయి. దాని మీద నైలాన్ మాడి నల్లగా అంటుకుంటే సోల్డర్ పట్టదు. ఆ మాడును ఆకురాయితో గీకితే పూత పోయి రాగి బయటపడి కొన కొద్దిరోజుల్లోనే తినివేయబడుతుంది. ఈ పనికి పాత కొనను ప్రత్యేకించుకుని, వేడిగా ఉన్నప్పుడే ఇత్తడి పీచులో గుచ్చి శుభ్రం చేసుకోవాలి. గట్టిపడిన నైలాన్‌ను కరిగించడానికి అసిటోన్ పనికిరాదు, కాబట్టి డబ్బాలు ఖాళీ చేయకండి.

కొనను రంధ్రంలో ఒక క్షణం మించి ఉంచవద్దు. తెల్లని నైలాన్ గోధుమ రంగుకు తిరిగినా, పొగ వచ్చినా వేడి ఎక్కువైనట్టే. నైలాన్ మాడితే వెలువడే వాయువుల్లో హైడ్రోజన్ సయనైడ్ వంటి విషాలు కూడా ఉండవచ్చు కనుక, కిటికీలు తెరిచి, ముఖాన్ని పనికి పక్కగా ఉంచి చేయాలి. కరిగిన నైలాన్ చర్మానికి అంటుకుంటే ఊడదు, కాల్చుతూనే ఉంటుంది; వేలితో నొక్కి సరిచేసే అలవాటు ఎవరికైనా ఉంటే వెంటనే మానుకోవాలి.

కరిగిన అంచు రంధ్రం చుట్టూ గట్టులాగా లేచి ఆరిపోతే అది గాజు పెంకులాగా గరుకుగా ఉండి, బకిలు కదిలినప్పుడల్లా పక్క పోగులను కోస్తుంది. మెత్తగా ఉన్నప్పుడే చల్లని, నున్నని ఇనుప బిళ్ళతో రెండువైపులా ఒకసారి అదమండి. ఇంకొక జాగ్రత్త: వేడి పని చేసేటప్పుడు ఆ ప్లాస్టిక్ పలకను అడుగున పెట్టవద్దు. అలాంటి పలకల్లో ఎక్కువగా వాడే పాలిథిలిన్ దాదాపు 130 డిగ్రీలకే కరుగుతుంది, అది నవారుకు అతుక్కుంటుంది. వేడి పనికి చెక్కే సరి.

సమాధానం: కన్నుబిళ్ళ

మీరు వాడుతున్నది నిజంగా నైలానేనా అన్నది ముందు చూసుకోండి. పాలీప్రొపిలిన్ నవారు చూపుకు అలాగే ఉంటుంది, కానీ దాదాపు 165 డిగ్రీలకే కరిగి రంధ్రం అనుకున్నదానికంటే పెద్దదైపోతుంది. ఒక చిన్న తునకను సబ్బు చుక్క కలిపిన నీళ్ళలో వేసి, గాలి బుడగలు పోయేలా పిసికి వదలండి. పాలీప్రొపిలిన్ తేలుతుంది, నైలాన్, పాలియెస్టర్ మునుగుతాయి.

ముల్లు బకిలు రంధ్రాలకు కేవలం కరిగించిన అంచు చాలదని నా అనుభవం. రోజూ బకిలు ముల్లు ఒకవైపుకే లాగుతుంటే ఆ అంచు చిట్లి, రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. లోహపు ఐలెట్ బిగించండి. రంధ్రాన్ని ఐలెట్ మెడ కంటే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు చిన్నదిగా కోసి, మెడను బలవంతంగా దూర్చితే పోగులు దాని చుట్టూ బిగుసుకుంటాయి. వెనుక బిళ్ళకు పళ్ళు ఉన్న రకమైతే ఆ పళ్ళు నేతలోకి దిగి ఐలెట్‌ను తిరగనివ్వవు. మెడ పొడవు మీ నవారు మందానికి తగినది కావాలి. పొట్టిదైతే అంచు పూర్తిగా మడవబడదు, పొడవైనదైతే ఐలెట్ వదులుగా ఊగుతుంది.

సంచికుట్టు

పది రోజుల తరువాత తిరిగి వ్రాస్తున్నాను. నొక్కులు పడ్డ పంచ్‌ను సానరాయి గారు చెప్పినట్టే రాతి మీద సాన పట్టాను. ముప్పావు గంట పట్టింది. అడ్డకోత మొద్దు మీద తోలు ముక్క వేసి, టేపు అంటించి, ఒక్కొక్క దెబ్బతో 42 రంధ్రాలు వేశాను. మూడింటిలో మాత్రం ఒకటి రెండు పోగులు మిగిలాయి, ఆ మూడూ నేను నవారును మొద్దు మీద జరపడం మరచినవే. ఐలెట్లు వేయవలసిన చోట రంధ్రాన్ని 5.5 మిల్లీమీటర్లకు తగ్గించుకున్నాను. రివెట్ల దగ్గర పడుగుపేక గారి ఆరె పద్ధతినే పాటించి, రివెట్‌ను 4 మిల్లీమీటర్లకు మార్చాను. రెండు పొరలలోనూ పోగు తెగకుండా దిగింది. ఇనుప కడ్డీని ఐలెట్లు లేని చోట మాత్రమే వాడుతున్నాను.

నీలంగా మారిన రెండవ పంచ్‌కు కూడా పని దొరికింది. దాని మొనను మొద్దుగా రాచి, కరిగిన అంచును అదమడానికి వాడుతున్నాను.

సమాధానం: సానరాయి

చాలా సంతోషం. ఆ రెండవ పంచ్ మీద రంగుతో ఒక గుర్తు పెట్టి, మంచి పంచ్‌లకు దూరంగా ఉంచండి. హడావిడిలో ఒకదానికి బదులు మరొకటి చేతికి రావడం సులభం. మొద్దును రెండు మూడు వందల రంధ్రాలకు ఒకసారి చిత్రిక పట్టి, ముఖాన్ని మళ్ళీ చదును చేసుకుంటే గాడుల బెడద ఉండదు.